కామాలు తీసి చుక్కలు పెట్టిన ఆదివారం

మా అక్కకి కంప్యూటర్ అంటే నమ్మకం ఎక్కువ. మనుషుల మీద కన్నా ఎక్కువ. నేను కంప్యూటర్ పని చేసేవాణ్ణి కాబట్టి ఆ నమ్మకంలో కొంత నాకూ దక్కింది. రెండువేల నాలుగో, అయిదో, ఒక సోమవారం నాడు ఆ రెండు నమ్మకాలనీ ఒకే పూటలో పాడు చేశాను. అదెలాగో చెప్పాలంటే ముందు ఆ పేజీ గురించి చెప్పాలి.

ద్వారకానగర్‌లో ఒక ఫొటో స్టూడియో మీద రెండు గదులు మా ఆఫీసు. అందులో మా ఓనరు, నేను, బొమ్మలూ రంగులూ చూసుకునే ఒక అమ్మాయి. ఓనరు ఎప్పుడూ ఊళ్ళో ఉండేవాడు కాదు. కొందరు షిప్పింగ్ ఏజెంట్ల కోసం మేమొక వెబ్‌సైటు నడిపేవాళ్ళం. అందులో జనం చూసేది ఒకటే పేజీ: విశాఖ రేవులో ఇవాళ ఏ ఓడ ఎక్కడుంది. నాలుగు హెడ్డింగులు ఉండేవి. పైన ‘వెళ్ళినవి’, దాని కింద ‘బెర్తులో ఉన్నవి’, అంటే సరుకు దింపే గట్టుకి చేరినవి, తరవాత ‘బయట లంగరులో ఉన్నవి’, ఆఖర్న ‘రావలసినవి’. ఒక్కో హెడ్డింగు కింద ఓడల పేర్లు. పోర్టు దగ్గర కూర్చున్న ఒక గుమాస్తా పొద్దున్నే వివరాలు ఎక్కించేవాడు, మా ప్రోగ్రాము వాటిని పేజీగా పేర్చేది. అంతే దాని గొప్ప.

ఆ పేజీని లారీల వాళ్ళు చూసేవారు, ఏజెంట్లు చూసేవారు. మా అక్క కూడా చూసేది. పెందుర్తి జంక్షన్‌లోని ఇంటర్నెట్ సెంటర్‌కి రోజూ పొద్దున పదింటికి చంటిపిల్లని చంకనేసుకుని వెళ్ళేది. ఆ సెంటరు వాళ్ళు ఆవిడ గుమ్మంలో కనబడగానే అడక్కుండానే ఓడల పేజీ తెరిచేవారట.

ఎందుకంటే మా బావ ఓడ మీద పని చేసేవాడు. ఇంజన్ రూములో ఫిట్టరు. ఊరు ఎలమంచిలి. ఆయన ఓడెక్కిన నెలకి పాప పుట్టింది. ఇప్పుడు దానికి ఎనిమిది నెలలు నిండాయి, తండ్రి దాన్ని చూడలేదు. ఆయన తిరిగే ఓడ స్టీల్ ప్లాంటుకి బొగ్గు తెస్తూ మన రేవుకే వస్తోందని తెలిసిన రోజున అక్క చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. పాపకి రెండు కొత్త గౌన్లు కుట్టించింది. తీరా ఓడ వచ్చాక బెర్తు ఖాళీ లేదని బయట లంగరేసి కూర్చోబెట్టారు. పన్నెండు రోజులు! అక్క పాపని తీసుకుని బీచ్ రోడ్డుకి వచ్చి, దూరంగా నీళ్ళ మీద కనబడే ఓడలు చూపించి, ‘అదిగో మీ నాన్న’ అనేది. అందులో ఏది బావ ఓడో పాపకి తెలియదు. నిజం చెప్పాలంటే మా అక్కకీ తెలియదు.

బావ అంతకుముందు ఓడ ఆగిన రేవు నుంచే ఫోన్ చేసి గట్టిగా చెప్పాడు. ఓడ బెర్తుకి వచ్చాక నాకు ఏ పూట సెలవిస్తారో తెలీదు, ఇస్తే ఒక్క పూటే, నా ఫోన్ కోసం చూడకు, పేజీలో బెర్తు కింద మా ఓడ పేరు కనబడగానే పిల్లని తీసుకుని గేటుకి వచ్చేయమని. ఇంకోటి కూడా చెప్పాడు. బెర్తు దొరక్కపోతే ఒక్కోసారి లంగరు లేపేసి ఇంకో రేవుకి పంపేస్తారు, అప్పుడిక చేసేదేమీ లేదని. అక్కకి ఈ రెండో మాటతో దిగులు పట్టుకుంది. పేజీ తెరవగానే ముందు ‘వెళ్ళినవి’ కిందే చూసేది, అక్కడ లేదని ఊపిరి పీల్చుకుని అప్పుడు కిందకి దిగేది.

ఇక నా ఘనకార్యం. మా సర్వర్ పెట్టుకున్న కంపెనీ వాళ్ళు పీహెచ్‌పీ నాలుగు తీసేసి ఐదు పెడుతున్నామనీ, మీ ప్రోగ్రాములు సరిచూసుకోండనీ ఉత్తరం పంపారు. పీహెచ్‌పీ అంటే సర్వర్‌లో కూర్చుని ఇలాంటి పేజీలు పేర్చే భాష. ఆదివారం ఆఫీసు తెరుచుకుని ఒక్కణ్ణే కూర్చున్నాను. మార్చాల్సినవి నాలుగైదు చోట్ల ఉన్నాయి, మార్చేశాను. అక్కడితో లేచి ఇంటికి పోతే ఎంత బాగుండేది! పోలేదు. పనిలో పనిగా ఆ ప్రోగ్రామునంతా కాస్త శుభ్రం చేద్దామనిపించింది. దాన్ని రాసింది నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన. ఆయన రాత అంటే నాకు చిన్నచూపు. ఎందుకని అడిగితే చెప్పలేను, ముందున్నవాడి పనికి వంక పెట్టకపోతే వెనకొచ్చినవాడికి తోచదు. రాత్రింబగళ్ళు చెమటోడ్చి నేర్చుకున్న విద్య నాది అని ఒక పొగరు. అన్నీ నేను నేర్చుకున్న పద్ధతిలోకి మార్చేసి, సర్వర్‌లోకి ఎక్కించి, పేజీ తెరిచాను. తప్పుందని గోల పెట్టకుండా తెరుచుకుంది. అంతే చాలనుకుని తాళం వేసి వెళ్ళిపోయాను. ఏ పేరు దేని కింద ఉందో చూసిన పాపాన పోలేదు.

సోమవారం నేను ఆఫీసు మెట్లెక్కుతుండగానే ఫోన్ మోగుతోంది. లారీల ఆయన.

“ఏటి బాబూ మీ పేజీ? బెర్తులో ఉందంటే బళ్ళు తోలీసినాను. ఇక్కడ సూత్తే ఓడ బయటే నిలబడుంది!”

చూస్తే పేజీ చెట్టుకొకటి పుట్టకొకటిగా ఉంది. అన్నిటికన్నా పైన తలా తోకా లేని ఒక జాబితా. కిందన ‘రావలసినవి’ అన్న హెడ్డింగు, దాని కింద ఏమీ లేదు. మధ్యలో అన్నీ ఒక మెట్టు జారాయి. బయట లంగరులో ఉన్న ఓడలు బెర్తు కిందకి వచ్చాయి. రావలసినవి లంగరు కిందకి వచ్చాయి. మరి బెర్తులోవి ఎక్కడికి పోయాయో నేను ఆలోచించలేదు. ఆ క్షణంలో అవి నాకు ఓడలు కావు, తప్పిన వరసలు. నాకు కోపం నషాళానికి అంటింది. ఎవరి మీద? ఇంకెవరి మీద, ఆ కొత్త వెర్షన్ మీద.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ పీహెచ్‌పీ ఐదుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. గుమాస్తా ఎక్కించిన వివరాలు తీసి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. పేర్లు అచ్చు వేసే ముక్కని విడిగా నడిపించాను, సరిగ్గా వచ్చాయి. హెడ్డింగులని విడిగా వేశాను, అవీ సరిగ్గా వచ్చాయి. రెండూ కలిపితే మాత్రం పేర్లు ముందు, హెడ్డింగు వెనక. ఆకు వేయకుండా అన్నం వడ్డించినట్టు! సర్వర్ వాళ్ళకి ఫోన్ చేసి అరిచాను. మా వైపు అంతా బాగానే ఉంది సార్ అన్నారు. వాళ్ళ మర్యాదకి ఇంకా మండింది. కొత్త వెర్షన్ మాటలని దాచిపెట్టి ఆలస్యంగా పంపుతోందేమోనన్న అనుమానంతో ఆ సెట్టింగు మార్చాను, ఈ సెట్టింగు మార్చాను. మార్చినకొద్దీ పేజీ మొండికేసింది.

పదిన్నరకి మళ్ళీ ఫోన్. బొమ్మల అమ్మాయి ఎత్తింది. స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో పెరిగినా వాళ్ళది గోదావరి జిల్లా, మాట చివర అండీ లేకుండా ఉండదు.

“అన్నయ్యగారండీ, మీ అక్కగారండీ.”

“లేనని చెప్పు,” అన్నాను. తల కూడా ఎత్తలేదు. ఆ అమ్మాయి ఒక క్షణం నా వైపు చూసి, ఇప్పుడే బయటికెళ్ళారండీ అని చెప్పి పెట్టేసింది. నేను చెయ్యి ఊపి ఊరుకుంటే పోయేది. గట్టిగా అన్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక తప్పెక్కడుందో ఆ అమ్మాయే పట్టుకుంది. ప్రోగ్రాముల గురించి ఆవిడకి అక్షరం ముక్క తెలియదు. మా ఆఫీసులో ఒక అలవాటుంది. ఒక వైపు అచ్చయిన కాగితాలని పారేయకుండా కట్ట కట్టి, వెనక వైపు బొమ్మలు గీసుకోవడానికి ఆవిడ బల్ల మీద పెట్టేవాళ్ళం. అందులో ఎప్పుడో అచ్చు తీసిన పాత ప్రోగ్రాము కాగితం ఒకటుంది. నా తిట్లు వినలేక ఆ కాగితం తెచ్చి నా స్క్రీన్ పక్కన పెట్టి, చిన్నపిల్లలు ఎక్కాలు చదివినట్టు రెండూ వరసగా చదివింది.

“ఎకో, హెడ్డింగు, కామా, జాబితా. ఇది పాతదండీ. ఎకో, హెడ్డింగు, చుక్క, జాబితా. ఇది మీదండీ. ఇక్కడ కామా ఉండాలి కదండీ, చుక్కెందుకొచ్చిందండీ?”

“అది ఎలా రాసినా ఒకటేనమ్మా,” అన్నాను విసుగ్గా. అంటూ ఉండగానే నాకే వెలిగింది.

ఒకటి కాదు. ఎకో అంటే పేజీ మీదకి పలుకు అని చెప్పడం. కామా పెడితే ఒకటి పలికి, ఆ తరవాత రెండోదాని దగ్గరికి వెళ్తుంది. చుక్క పెడితే ముందు రెండూ అతికించి, అతుకు పూర్తయ్యాకే పలుకుతుంది. మా జాబితా ముక్క ఊరుకునే రకం కాదు, దాన్ని ముట్టుకుంటే చాలు తన పేర్లు తానే పేజీ మీద పడేస్తుంది. అందుకని హెడ్డింగు ఇంకా అతుకుల్లో ఉండగానే పేర్లు బయటికి వచ్చేసేవి. నాకు ముందున్నాయన ఆ సంగతి తెలిసే కామాలు పెట్టాడు. శిక్షణ కేంద్రంలో మాటలు కలపాలంటే చుక్క పెట్టాలని నేర్పారు కదా అని, కామాలు పెట్టేవాడు చేతకానివాడని నేను అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఆ పేజీలోని కామాలన్నీ ఒక్క దెబ్బతో చుక్కలుగా మార్చింది నేనే. నాలుగుకీ ఐదుకీ ఇందులో ఏ సంబంధమూ లేదు. పాత వెర్షన్‌లో చుక్క పెట్టినా ఇదే జరిగేది!

నాలుగు చోట్ల కామాలు పెట్టి ఎక్కించాను. పేజీ బుద్ధిగా వరసలో నిలబడింది. ‘బెర్తులో ఉన్నవి’ కింద మూడో పేరు మా బావ ఓడ.

“వచ్చేశాడు!” అని అరిచాను. కుర్చీలోంచి లేచి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆవిడ కూడా నవ్వింది. తరవాత నవ్వు ఆపేసి, మెల్లిగా, “పొద్దున్నించీ ఇది ఏ హెడ్డింగు కింద ఉన్నట్టండీ?” అంది.

వెళ్ళినవి. పొద్దున్నించీ మా బావ ఓడ ‘వెళ్ళినవి’ కింద ఉంది. అక్క రోజూ ముందు చూసేది అదే. చూసి, నాకు ఫోన్ చేసింది. నేను లేనన్నాను.

పెందుర్తిలో అక్క వాళ్ళ ఇంటి ఓనరమ్మకి ఫోన్ చేశాను.

“ఇంకెక్కడి అక్క బాబూ! ఆలాయన ఓడ ఎల్లిపోనాదని ఒకటే ఏడుపు. బట్టలు సర్దుకుని, గుంటనెత్తుకుని అత్తోరింటికి ఎలమంచిలి ఎల్లిపోనాది. మీ బావగారు కూడా ఇప్పుడే ఫోన్ సేసినారు. ఓడ ఎల్లిపోనాక ఆయనెలా సేసినారో నాకేటీ అర్థం కాలేదు.”

ఫోన్ పెట్టానో లేదో అది మళ్ళీ మోగింది. బావ. పోర్టు గేటు ఎదురుగా ఉన్న ఫోన్ బూతులోంచి.

“ఏట్రా బామ్మర్దీ, మీ అక్క ఎలమంచిలి ఎల్లడమేటి? నాకు పన్నెండు నుంచి ఆరు దాకా ఇచ్చినారు. అదొక్కటే. రేపు ఓడ కదిలిపోతాది. గడ్డం కూడా గీసుకుని కూసున్నానురా!”

“బావా, నువ్వక్కడే ఉండు, కదలకు,” అన్నాను. ఆరింటి దాకా అంటే మూడున్నర గంటలు కూడా లేవు.

ఎలమంచిలిలో వాళ్ళ ఇంటి పక్క కిరాణా కొట్టుకి ఫోన్ చేసి పిలిపించాను. అక్క అప్పుడే బస్సు దిగి ఇంట్లో సంచీ పెడుతోందట. గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. ఓడ బెర్తులోనే ఉందని చెప్పాను.

“నిజమేనేట్రా? ఒట్టు?”

“ఒట్టక్కా. ఉన్నపళాన వచ్చేయ్. నేను గాజువాకలో స్కూటర్ పెట్టుకుని ఉంటాను.”

ఆవిడ మంచినీళ్ళు కూడా తాగలేదు. దిగిన కాళ్ళతోనే బస్సెక్కేసింది. నేను గాజువాక జంక్షన్‌లో నిలబడి, అనకాపల్లి వైపు నుంచి వచ్చే ప్రతి బస్సునీ తిడుతూ, దండం పెడుతూ గడిపాను. నాలుగు దాటాక దిగింది. పాప గౌను చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అక్క స్కూటర్ వెనక కూర్చుని పాపని మా ఇద్దరి మధ్య ఇరికించింది.

“ఏటైందిరా ఆ పేజీకి?” అని అడిగింది.

“కొత్త వెర్షనక్కా. సర్వరోళ్ళు మార్చీసినారు,” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

సింధియా జంక్షన్ దాటాక అక్క నా వీపు వెనక నుంచి అంది: “లేనని సెప్పమన్నది కూడా కొత్త వెర్షనేనేట్రా? నీ గొంతు నాకు తెలీదనుకున్నావా?”

స్కూటర్ ఆపేద్దామనిపించింది. ఆపితే నిమిషాలు పోతాయి. అందుకని తోలుతూనే, గాలిలో అరుస్తూ, కామా దగ్గర నుంచి చుక్క దాకా, నా పొగరుతో సహా అంతా చెప్పేశాను. ఎంత అర్థమైందో తెలియదు. అంతా విని, “ముందు రోడ్డు సూసి తోలు,” అంది. అంతే.

గేటు ఎదురుగా టీ హోటల్ బల్ల మీద బావ కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో రబ్బరు బాతు. బొగ్గు లారీలు పోతుంటే రేగే నల్లదుమ్ము ఆ తెల్లచొక్కా మీద అప్పటికే పేరుకుంది. నాలుగు గంటలకి పైగా అక్కడే కూర్చున్నాడు మరి. అక్క ఆయన్ని చూసి నవ్వబోయి ఏడ్చింది. బావ రెండు చేతులూ చాచాడు. పాప ఆయన మొహం చూసి ఒక్క కేక పెట్టింది. ఇక ఆపలేదు.

బాతు చూపిస్తే ఏడ్చింది. బావ నవ్వితే ఇంకా గట్టిగా ఏడ్చింది. అక్క భుజంలో మొహం దాచుకుని, మధ్యలో ఒక కంటితో చూసి, ఆయనింకా అక్కడే ఉన్నాడని మళ్ళీ మొదలెట్టేది. టీ హోటల్ వాళ్ళంతా సలహాలిచ్చారు. బావ అందరికన్నా తెలివైనవాడు. ఎత్తుకునే ప్రయత్నం మానేసి, బల్ల ఆ చివరికి జరిగి, పాప వైపు చూడకుండా ఒక సోడా మూతని బల్ల మీద దొర్లించడం మొదలుపెట్టాడు. దొర్లిస్తాడు, పట్టుకుంటాడు. నేను గేటు పైనున్న గడియారం చూస్తూ కూర్చున్నాను. అయిదయింది. అయిదుంపావు అయింది. అయిదున్నరకి పాప అక్క ఒళ్ళోంచి జారి, బల్ల పట్టుకుని నిలబడి, ఆ మూత కోసం చెయ్యి చాచింది. ఇంకాసేపటికి ఆయన మోకాలు పట్టుకుంది. ఆరింటికి పది నిమిషాలుందనగా ఆయన భుజం మీద తల పెట్టి, చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని చీకుతోంది. బావ ఊపిరి కూడా మెల్లిగా తీస్తున్నాడు.

ఆరింటికి గేటు దగ్గరున్నాయన బావ వైపు చూసి చెయ్యి ఊపాడు. బావ లేచి పాపని అక్కకి ఇవ్వబోయాడు. అది రానంది. కాలరు వదల్లేదు. బావ దాని వేళ్ళని ఒక్కొక్కటే విడదీశాడు. పొద్దున్న మా అక్క ఏడ్చినట్టే, గొంతు బొంగురుపోయేలా, పాప ఆయన వైపు చేతులు చాచి ఏడ్చింది.

నేనిక ఆగలేకపోయాను. “నా వల్లే బావా. నేను సరిగ్గా చేసుంటే పన్నెండింటి నుంచి నీ దగ్గరే ఉండేది. పాపం ఆఖరి పది నిమిషాలే…” అన్నాను.

బావ నా భుజం మీద చెయ్యి వేసి, గేటు వైపే చూస్తూ అన్నాడు: “ఊరుకోరా. ఇంకాసేపుంటే దింపడం ఇంకా కట్టమయ్యేది.”

అది నన్ను ఓదార్చడానికి అన్నాడని అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. బావ వెనక్కి చూడకుండా గేటులోకి వెళ్ళిపోయాడు. పాప ఆ గేటు వైపు వేలు చూపిస్తూనే ఉంది. మళ్ళీ ఆయన ఇంటికి వచ్చేసరికి దానికి ఏడాదిన్నర, నడుస్తోంది, మాట్లాడుతోంది. గుమ్మంలో ఆయన్ని చూసి, మళ్ళీ మొదటిసారి చూసినట్టే, ఏడ్చింది.